అతుక్కున్న రెండు గారెలు, అమ్మ అల్లిన చాప

హాయ్ అండీ, అందరికీ నమస్తే. డల్లాస్ నుంచి వచ్చి పది రోజులైంది, ఇది కావలిలో మా వంటిల్లు, అమ్మ గారెలు వేస్తోంది. బాండీలో చూడండి, రెండు గారెలు పక్కపక్కన పడి అతుక్కుపోయాయి. అమ్మ విడదీయబోతే నేనే ఆపాను. "ఏంది అబ్బయా, అట్నే తింటావా?" అంది. తింటా గానీ, ముందు మా పాపకు చూపించాలి.

విశ్వానికి అంచు లేకపోతే అది అనంతంగా ఉండాల్సిందేనా అని వారం నుంచి అడుగుతోంది. అక్కర్లేదు. గారె పైపొరే ఒక లోకం అనుకోండి, దాని మీద చీమ ఎంత నడిచినా అంచు రాదు, అయినా ఆ లోకం చిన్నదే. పాత బటన్ ఫోన్లలో పాము ఆట గుర్తుందా, కుడి అంచులో దూరి ఎడమ అంచులోంచి, పై అంచులో దూరి కింది అంచులోంచి వచ్చేది? అదీ గారె లోకమే. చతురస్రం ఎదురెదురు అంచులు కలిపితే నాలుగు మూలలూ ఒకే చోటికి చేరతాయి, నాలుగు తొంభైలు 360, సరిపోయింది.

రెండు చిల్లుల గారెకు చతురస్రం చాలదు, అష్టభుజి కావాలి. ఎనిమిది మూలలూ ఒకే బిందువు దగ్గర కలవాలి, కానీ మామూలు అష్టభుజిలో ఒక్కో కోణం 135, మొత్తం 1080! ఒక్కోటి 45 అయితేనే కుదురుతుంది, అంత సన్నటి మూలలు చదునైన కాగితం మీద రావు, హైపర్బోలిక్ తలం, అంటే ప్రతి చోటా గుర్రపు జీనులా వంగే తలం మీదే వస్తాయి.

ఆ తలం మా వరండాలోనే దొరికింది. అమ్మ క్రోషియాతో గుండ్రటి చాప అల్లుతూ ప్రతి వరసలో కుట్లు ఎక్కువేసింది, అంచంతా కుచ్చిళ్లలా లేచింది, పాడైందని విప్పేయబోతోంది. వద్దన్నాను. 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమిన్యా అనే గణితవేత్త ఈ జ్యామితిని చేతికి అందించింది సరిగ్గా ఇలాంటి అల్లికతోనే. పాప దాన్ని మూడుసార్లు మడిచి, మడతల వెంట ఎర్రదారం కుట్టి త్రిభుజం చేసింది. కోణాలు కొలిస్తే మూడూ కలిపి 180కి బాగా తక్కువ. చేత్తో తడిమి చూస్తే ఎంత బాగా అర్థమవుతుందో!

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది: గారె లోకాన్ని, ఏ వంపూ లేకుండా చదునుగానే ఉంచి, ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. రెండు చిల్లుల లోకంలో వంపు అంతటా మైనస్ 1 (మైనస్ అంటే ఆ జీను లాంటి వంపే) అనుకుంటే వైశాల్యం కచ్చితంగా 4π, పెంచడం తగ్గించడం మన చేతిలో లేదు. మూడు చిల్లులైతే 8π. పాప ఇప్పుడు మూడు గారెలు అతికించి వేయమని నానమ్మ పక్కన చేరింది.