పుట్టబోయే చేపల్ని కూడా లెక్కలో వేసుకోండి

అందరికీ నమస్కారం.

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్. చేపల పెంపకం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏ షాపుకు వెళ్ళినా ముందు కళ్ళలో పడేవి ఈ నాలుగు రకాలే. ధర తక్కువ, రంగులు బాగుంటాయి, కాస్త మొండి చేపలు కూడా. షాపువాళ్ళు వీటిని లైవ్‌బేరర్లు అంటారు. గుడ్లు పెట్టకుండా, పుట్టగానే ఈదగలిగే పిల్లల్ని నేరుగా ఈనే చేపలివి. ఈ ఒక్క లక్షణం వల్లే వీటికి ట్యాంకు ఎంచుకునే పద్ధతి మారిపోతుంది.

మామూలుగా మనం ఏం చేస్తాం? పిల్లలు ముచ్చటపడ్డారని ఆరు గప్పీలు, ఒక గుండ్రటి గాజు బౌల్ కొంటాం. వేలెడంత కూడా లేని చేపలకు అయిదు లీటర్ల నీళ్ళు సరిపోవా అనుకుంటాం. ఆ ఆరింటిలో ఆడవి నాలుగుంటే, అవి దాదాపుగా కడుపుతోనే ఇంటికొస్తాయి. షాపులో ఆడా మగా ఒకే ట్యాంకులో ఉంటాయి కదా. పైగా ఆడ గప్పీ ఒకసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. అంటే మీ ఇంట్లో ఒక్క మగ చేప లేకపోయినా అది ఈనుతూనే ఉంటుంది. ఇంచుమించు నెలకో ఈత. ఈతకు 20 నుంచి 50 పిల్లలు. ముదిరిన, పెద్ద ఆడ చేప అయితే ఇంకా ఎక్కువ. నాలుగు చేపలు, ఈతకు 25 చొప్పున వేసుకున్నా మొదటి నెలకే 100 పిల్లలు. కొన్నిటిని పెద్ద చేపలే తినేస్తాయి, నిజమే. అయినా మిగిలినవాటిలో ఆడవి మూడు నాలుగు నెలలు తిరక్కుండానే తాము ఈనడం మొదలుపెడతాయి.

గప్పీ పుట్టిల్లు ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతపు వాగులు. ట్రినిడాడ్‌లో శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దీన్ని గమనిస్తున్నారు. జలపాతాల కింద, పెద్ద వేటచేపలు తిరిగే చోట గప్పీలు త్వరగా ఈడుకొస్తాయి, ఒక్కో ఈతకు ఎక్కువ పిల్లల్ని, చిన్న పిల్లల్ని వేస్తాయి. జలపాతం పైన, వేటచేపలు ఎక్కలేని చోట తక్కువ పిల్లలు, కాస్త పెద్దవి. అంటే ఇంతింత మందిని కనడం ఆ చేపకు బతుకుతెరువు. చాలామటుకు ఎవరి నోటికో పోతాయన్న లెక్కతోనే కంటుంది. మన ట్యాంకులో ఆ వేటచేప లేదు. దాని బదులు సంఖ్యను అదుపు చేసేది మురికి నీరు. అది చేసే అదుపు చూడటానికి చాలా బాధగా ఉంటుంది. అలా జరగనివ్వకూడదనే ఇంతగా చెబుతున్నాను.

మురికి అంటే కంటికి కనిపించేది కాదు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా అనే విషాన్ని వదులుతాయి. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అదే. ఫిల్టరులో, గులకరాళ్ళ మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఇక్కడ లైవ్‌బేరర్లకు సంబంధించి ఒక మెలిక ఉంది. ఈ చేపలకు గట్టి నీళ్ళు, అంటే కాల్షియం ఎక్కువగా ఉండి, పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, 7 నుంచి 8 దాకా ఉన్న నీళ్ళు బాగా పడతాయి. మన హైదరాబాదులో చాలా చోట్ల బోరు నీళ్ళు అలాంటివే. ఆ రకంగా మనం అదృష్టవంతులం. కానీ పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 దగ్గర ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర నూటికి అయిదు దాటుతుంది. చేపకు హాయిగా ఉండే నీళ్ళలోనే అమ్మోనియా ఎక్కువ ప్రమాదం అన్నమాట. దాన్ని పలుచన చేసేది నీటి పరిమాణమే. అందుకే చిన్న ట్యాంకు చూసుకోవడం తేలిక అన్న మాట తప్పు. అయిదు లీటర్లలో ఒక చేప రాత్రి చచ్చిపడి ఉంటే తెల్లారేసరికి మిగతావీ ప్రమాదంలో పడతాయి. 80 లీటర్లలో మీరు నిద్రలేచి చూసి తీసేసేంత వ్యవధి ఉంటుంది.

ఇప్పుడు ట్యాంకు ఆకారం సంగతి. రెండు ట్యాంకులు అనుకోండి. ఒకటి 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. ఇంకొకటి అదే గాజు పెట్టెను నిలువుగా నిలబెట్టినట్టు 12 పొడవు, 12 వెడల్పు, 24 ఎత్తు. రెండింట్లోనూ లెక్కకు 56 లీటర్లే. కానీ మొదటిదానిలో గాలి తగిలే నీటి పైభాగం 288 చదరపు అంగుళాలు, రెండోదానిలో 144. ఆక్సిజన్ లోపలికి వెళ్ళేది ఆ పైభాగం నుంచే. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే ఇంకే దారీ లేదు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో మన ఇళ్ళల్లో ట్యాంకు నీళ్ళు 30 దాటడం మామూలే. హాలులో సన్నగా, ఎత్తుగా ఉన్న ట్యాంకు అందంగా కనిపిస్తుంది. ఈ చేపలకు మాత్రం పనికిరాదు. పొడవూ వెడల్పూ ముందు అడగండి, ఎత్తు తర్వాత.

ఇంకో విషయం. షాపులో చెప్పే లీటర్లు బయటి కొలతలతో వేసినవి. అడుగున రెండంగుళాల గులకరాళ్ళు పోసి, పైన ఒకటిన్నర అంగుళం ఖాళీ వదిలితే ఆ 56 లీటర్ల ట్యాంకులో నిజంగా పట్టేది 40, 45 లీటర్లే.

మరి ఎంత ట్యాంకు? నా అభిప్రాయం చెబుతాను. రెండడుగుల కంటే చిన్నదానిలో లైవ్‌బేరర్లను పెట్టవద్దు. 24, 12, 12 ట్యాంకే మీకు వీలైతే అందులో మగ గప్పీలను మాత్రమే ఎనిమిదో పదో పెంచండి. రంగులూ, తోకల అందమూ ఉండేది మగవాటికే. పిల్లల బెడద ఉండదు. చిన్న ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. ఈ మాట కొత్తవాళ్ళకు ముందే చెప్పే షాపులు తక్కువ.

ఆడా మగా కలిపి పెంచాలంటే గప్పీ, ప్లాటీలకు రెండున్నర అడుగుల పొడవు, 15 అంగుళాల ఎత్తు ఉన్నది తీసుకుని, ఒక మగదానికి మూడు ఆడవి చొప్పున నాలుగు చేపలతోనే మొదలుపెట్టండి. మగవి రోజంతా ఆడవాటిని తరుముతూనే ఉంటాయి. ఒక్క ఆడ చేప మీదే ఆ ఒత్తిడంతా పడితే అది తిండి మానేసి చిక్కిపోతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉందే అనిపిస్తుంది. ఆ ఖాళీ రాబోయే పిల్లలది. దయచేసి ఇంకేవో చేపలు తెచ్చి నింపకండి.

మోలీలకూ స్వోర్డ్‌టెయిల్స్‌కూ మూడడుగులు ఉండాల్సిందే. స్వోర్డ్‌టెయిల్ కత్తి లాంటి తోక కాకుండానే నాలుగంగుళాలు పెరుగుతుంది, వేగంగా ఈదుతుంది. రెండు మగవి ఉంటే ఓడినదానికి దాక్కునే చోటు కావాలి. పైన మూత తప్పనిసరి, ఎగిరి బయటపడతాయి. తెరచాపలా రెక్క విప్పే సెయిల్‌ఫిన్ మోలీకి నాలుగడుగులు ఇవ్వగలిగితేనే తీసుకోండి. ట్యాంకును బట్టి చేప పెరుగుతుందిలే అని కొందరు ధైర్యం చెబుతారు. ఇరుకులో అది గిడసబారిపోతుంది, అంతే. దాన్ని సర్దుకోవడం అనలేం.

మూడడుగుల ట్యాంకు, 15 వెడల్పు, 15 ఎత్తు అంటే 130 లీటర్లు. గాజు, రాళ్ళు కలిపి నూట యాభై కిలోలు సులువుగా దాటుతుంది. పాత టేబుల్ మీద పెట్టకండి, గట్టి స్టాండు చేయించండి. వారానికి పావు వంతు నీళ్ళు మార్చాలి, అంటే రెండు బకెట్లు. అవి మోయగలరా, కుళాయి ఎంత దూరం అన్నది కొనకముందే చూసుకోవాలి.

పిల్లల్ని బతికించాలనుకుంటే తల్లిని ఇరుకైన వల పెట్టెలో బంధించవద్దు. బెదిరి ఈనడమే ఆపేయవచ్చు. ఒక మూల దట్టంగా నాచు మొక్కలు పెంచితే కావలసినన్ని అందులోనే దాక్కుని బతుకుతాయి. ఎక్కువైతే షాపుకు తిరిగివ్వండి, తెలిసినవాళ్ళకు ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి. దోమల లార్వాను తింటాయని గప్పీలనూ, గంబూసియా అనే చిన్న చేపలనూ నీటిగుంటల్లో వదలడం మన దగ్గర ఉన్నదే కాబట్టి తప్పేముంది అని అడుగుతారు. ఇవి లార్వాతో ఆగవు. మన వాగుల్లో పుట్టిన చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తింటాయి. వాటి మేతకూ చోటుకూ పోటీ వస్తాయి. ఒకసారి పాతుకుపోతే ఎవరూ ఏరివేయలేరు.

ఇంట్లో చోటు కొలిచి తెచ్చుకున్నవాళ్ళు ఆ కాగితం పట్టుకుని ముందుకు రండి. ఏ చేప కావాలో కూడా చెప్పండి, లెక్క ఇక్కడే కలిసి వేద్దాం.