పన్నులోని గుజ్జు, గడ్డలోకి మందు

అందరికీ నమస్కారం. పన్ను గుజ్జులోని కణాలతో క్యాన్సర్ గడ్డలోకి మందు పంపే ప్రయత్నం గురించి ఇవాళ చెబుతాను.

మన ఇళ్లలో పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరించేవాళ్లు. అమెరికాలో సాంగ్‌టావో షీ అనే దంత శాస్త్రవేత్త మాత్రం తన కూతురికి ఊడిన పన్నును చేతిలోకి తీసుకుని చూశారు. లోపల కాస్త ఎర్రటి గుజ్జు కనిపించింది. అక్కణ్నుంచి మొదలైన పరిశోధన 2003లో అచ్చయింది. ఊడిన ఒక్కో ముందుపన్నులో సుమారు 12 నుంచి 20 మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగలిగేవి) దొరికాయి, అంతే. కానీ ల్యాబ్‌లో పెంచితే అవి చకచకా పెరిగాయి.

రూట్ కెనాల్‌లో మేం సన్నటి ఫైలుతో లాగేసేది ఈ గుజ్జునే. దూది మీద పెడితే తడి దారప్పోగులా ఉంటుంది. ఇన్నేళ్లూ పారేస్తూనే వచ్చాం.

దీనికీ క్యాన్సర్‌కీ సంబంధమేంటి? ఇలాంటి మూలకణాలు గాయం ఉన్న చోటికి వెళ్తాయి. క్యాన్సర్ గడ్డ మానని పుండు లాంటిది. గాయం పంపే రసాయన సంకేతాలనే అదీ పంపుతూ ఉంటుంది. కాబట్టి మూలకణం అటూ వెళ్తుంది. వెళ్లేదాని చేతికి మందు ఇచ్చి పంపితే?

ఈస్ట్‌లో సైటోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఉంది. మన కణాల్లో లేదు. దాని జన్యువును మూలకణంలో పెడతారు. తర్వాత 5-ఫ్లూరోసైటోసిన్ ఇస్తారు. ఫంగస్ ఇన్ఫెక్షన్లకు వాడే పాత మందే అది. గడ్డలో చేరిన మూలకణం దాన్ని 5-ఫ్లూరోయురాసిల్‌గా మార్చేస్తుంది. కీమో వార్డులో మనవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. నరంలోకి ఎక్కిస్తే కొందరికి నోరంతా పూసి మజ్జిగన్నం కూడా దిగదు. అదే మందు గడ్డ లోపలే తయారైతే మిగతా ఒంటికి ఆ బాధ తగ్గుతుందన్నదే ఆశ.

చుట్టూ ఉన్న క్యాన్సర్ కణాలతో పాటు మందు మోసుకెళ్లిన కణమూ చచ్చిపోతుంది. చచ్చిపోవాలి కూడా. బతికి మిగిలితే అదే గడ్డ పెరగడానికి సాయపడే ప్రమాదముంది. నాకు టెన్షన్ అంతా ఇక్కడే.

కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్‌లో 2010లో మెదడు గడ్డలున్న రోగుల మీద ఈ పద్ధతిని పరీక్షించడం మొదలుపెట్టారు. కానీ వాడినవి నాడీ మూలకణాలు. పన్ను కణాలతో జరిగిన పని ల్యాబ్ పాత్రల్లో, జంతువుల్లోనే.

అందుకే పిల్లల పళ్లు మూలకణాలు భద్రపరిచే బ్యాంకులో దాచమంటారా అని అడిగే తల్లిదండ్రులకు, క్యాన్సర్ భయంతో అయితే ఇప్పుడు డబ్బు పెట్టొద్దమ్మా అనే చెబుతున్నాను. పాలపన్ను పోయిందని బెంగ కూడా అక్కర్లేదు. 2000లో ఈ గుజ్జు మూలకణాలను మొదట వేరుచేసింది పెద్దవాళ్ల జ్ఞానదంతాల నుంచే.