మన కళాకేంద్రం పేరు మార్పు: సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం

సభ్యులకు, పిల్లల అమ్మానాన్నలకు, గజపతినగరం వైపు నుంచి పని మానుకుని వచ్చిన తప్పెటగుళ్ళ జానపద నృత్య బృందానికి నమస్కారం.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మన కేంద్రం పేరులోంచి ‘బాలల’, ‘చిత్ర’ అన్న రెండు మాటలు తీసేయాలని కమిటీ ప్రతిపాదన. విజయనగరం అన్న ఊరి పేరు, కళాకేంద్రం అన్న మాట అలాగే ఉంటాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి చాలామంది ఫోన్లు చేస్తున్నారు. కొందరు బాధపడ్డారు, కొందరికి కోపం కూడా వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? ఇక్కడ బొమ్మలు వేయడం నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకొస్తున్నారు. అంట్యాకుల పైడిరాజు గారు చిత్రకళ నేర్పిన ఊరిది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి పత్రికల ముఖచిత్రాలు ముందు పెట్టుకుని గీతలు దిద్దుకున్నవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. బొమ్మల తరగతి ఎక్కడికీ పోదు. రోజులూ మారవు, టైమూ మారదు, మాస్టారూ మారరు.

మరి పేరెందుకు మార్చాలి? పోయిన పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యాక తప్పెటగుళ్ళ గురువు ఒకాయన మన గేటు దాకా వచ్చారు. కుర్రాళ్ళకి నేర్పడానికి చోటు దొరుకుతుందేమో అడుగుదామని. బోర్డు చదివి, ఇదేదో పిల్లల డ్రాయింగు స్కూలు కాబోలనుకుని వెనక్కి తిరిగారు. ఆఫీసు గదిలో ఉన్న మన అమ్మాయి చూసి పిలవబట్టి సరిపోయింది.

ఆయన ఈ హాల్లోనే నిలబడి చూపించారు. రేకుతో చేసిన తప్పెట మెడకి తగిలించుకుంటే ఛాతీ మీద ఆనుతుంది. రెండు అరచేతులతో దాన్ని వాయించాలి. ఆ దరువుకే గజ్జెల కాళ్ళు కదలాలి. ఆ ఊపులోనే పాట అందుకోవాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియనివాడు రెండో చరణానికే ఆగిపోతాడు. దరువు పెరిగేకొద్దీ బృందమంతా గుండ్రంగా తిరుగుతుంది, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు, అప్పుడు కూడా తాళం తప్పకూడదు. పైడితల్లమ్మ పండగనాడు ఊరంతా నిలబడి దీన్ని చూస్తాం, ఫోన్లలో వీడియోలు తీసుకుంటాం. మర్నాటి నుంచి వాళ్ళు ఎక్కడ సాధన చేస్తున్నారో అడిగినవాళ్ళం లేం. కప్పున్న హాలు మన దగ్గర ఉంది. వారంలో సగం రోజులు తాళం వేసి ఉంటోంది.

జముకు అనే తీగ వాద్యం వాయిస్తూ పాడే జముకుల కథ పరిస్థితి ఇంకా కష్టం. కథ రాసి పెట్టుకోవచ్చు గానీ, జముకు తీగ ఎంత బిగిస్తే ఏ ధ్వని పలుకుతుందో కాగితం మీద నేర్పలేం. గురువు పక్కన కూర్చోవాలి. కూర్చోడానికి ముందుకొస్తున్నవాళ్ళలో ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళు ఉన్నారు, పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళు ఉన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి వీణలు చేసే కుటుంబాలున్నాయి కదా, వాళ్ళని పిలిచి పని చూపించమందామని అనుకున్నాం. చిత్రకళ పద్దులో ఆ ఖర్చు ఎలా రాస్తామని లెక్కలు చూసేవారు అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. అక్కడే ఆగిపోయాం.

పేరు మారితే చరిత్ర పోతుందని కొందరు పెద్దలు అన్నారు. వాళ్ళంటే నాకు గౌరవం, ఈ మాట మాత్రం ఒప్పుకోలేను. మన ఊరి సంగీత కళాశాలనే చూడండి. 1919లో విజయరామ గానపాఠశాలగా మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు ఆ ఊరూ ఈ ఊరూ కాదని ఇక్కడికే వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడక్కడి బోర్డు మీద మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల అని ఉంటుంది. ప్రభుత్వం చేతికొచ్చింది, నృత్యం చేరింది, పేరూ మారింది. దాసుగారిని ఈ ఊళ్ళో ఎవరు మరిచిపోయారు?

పెద్ద విరాళం ఇచ్చేవారి పేరు పెడదామని ఇంకో సూచన వచ్చింది. కమిటీ వద్దంది, నేనూ వద్దన్నాను. నూటపదహార్లు ఇచ్చినవాళ్ళూ, డబ్బుల్లేక వచ్చి గోడలకి సున్నం వేసి వెళ్ళినవాళ్ళూ కలిసి నిలబెట్టిన చోటిది. దాతల పేర్లు హాల్లో పలక మీద రాయిద్దాం.

కాగితాల పని గురించి టెన్షన్ పడొద్దు. ఈ సభ తీర్మానం చేశాక సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి, ఆ పత్రంతో పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో పేరు మార్పించాలి. సొసైటీ అదే, ఆస్తీ అప్పూ అవే. ఇంతకుముందు పిల్లలకిచ్చిన సర్టిఫికెట్లు మార్చుకోనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. తీర్మానంలో పేరుతోపాటు రెండు వాక్యాలు చేర్చండి. జానపద గురువులకి బొమ్మల మాస్టారితో సమానంగా గౌరవ వేతనం ఇవ్వాలి. ఆదివారాలు హాలు వాళ్ళకి వదలాలి. ఆ రెండూ లేకపోతే కొత్త బోర్డుకి నేను ఓటు వెయ్యను. కార్యదర్శి గారు ఇప్పుడు తీర్మానం చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళే ముందు మాట్లాడండి, మైకు అటే పంపిస్తున్నాం.