మూడు కార్డులే ఇస్తాను

అందరికీ నమస్కారం. టీ నగర్ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు కాబట్టి సోది లేకుండా మొదలుపెడతాను.

ఆదివారాలు మన తెలుగు పిల్లలకి డైలాగులు రాయడం నేర్పిస్తున్నాను, అదీ మూకీ సినిమాలు చూపించి. "మాటల్లేని సినిమా చూసి మాటలేం నేర్చుకుంటారండీ?" అని ఒక పిల్లాడి నాన్నగారు ఫోన్ చేసి మరీ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో గెయిటీ థియేటర్ కట్టింది ఈ చెన్నైలోనే, వాళ్ళబ్బాయి ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశారు. అప్పట్లో మాట అంటే తెర మీద అక్షరాలతో వేసే కార్డు. నడుస్తున్న బొమ్మని ఆపి మరీ కార్డు వెయ్యాలి, చదువురానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి చెప్పాలి, అంత ఖరీదు మాటకి. మనకిప్పుడు చవక కదా, నలభై లైన్లు రాసిపారేస్తాం.

చాప్లిన్ ‘సిటీ లైట్స్’ 1931లో వచ్చింది, అప్పటికే టాకీలు, అంటే మాట్లాడే సినిమాలు, వచ్చేశాయి, అయినా ఆయన మూకీగానే తీశాడు. కళ్ళు లేని పూలమ్మాయి కారు తలుపు పడిన చప్పుడు విని ఎదురుగా ఉన్న బికారిని డబ్బున్నవాడనుకుంటుంది. ఆ చప్పుడు మనం వినం, చూస్తాం, అయినా అపార్థం మొత్తం అర్థమైపోతుంది!

సూళ్ళూరుపేట నుంచి లోకల్లో వచ్చే ఒకమ్మాయి సీను రాసింది, కొడుకు ఉద్యోగానికి ఊరెళ్తుంటే అమ్మ "వేళకి తినరా, నువ్వు లేకపోతే ఇల్లు బోసిపోతుందిరా" అంటూ రెండు పేజీలు. మూడు కార్డులే ఇస్తాను, మళ్ళీ రాయమన్నాను. ఈసారి అమ్మ ఆవకాయ సీసా మూత బిగించి, కవరు చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి, మళ్ళీ అంతా విప్పి, అంచున కారిన నూనె కొంగుతో తుడిచి మొదటికొచ్చింది. మూడు కార్డులూ ఆవిడవే, మూడిట్లోనూ ఒకటే మాట: "రైలు ఎన్నింటికన్నావు?" కొడుక్కి కార్డే మిగల్లేదు. రెండుసార్లు గడియారం చూశాడు, మూడోసారి పీట లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాడు.

ఇంకొందరు ఈ పిచ్చి తలకెక్కి పాత్రలన్నిటి చేతా మూగనోము పట్టిస్తారు, వాళ్ళతో వేరే తలనొప్పి.

వచ్చే వారం ఆ తల్లీకొడుకుల్నే ఫోన్లో మాట్లాడించమన్నాను. ఫోన్లో చేతులు కనపడవు కదా, ఆ సీసాని ఎలా వినిపిస్తుందో చూడాలి.