ఫోన్ సిగ్నల్ ఆపే జేబు ఉన్న జాకెట్, రెండు నెలలు వాడాక

హాయ్ అండీ, ముందే చెప్పేస్తున్నా, ఈ జాకెట్ కంపెనీ వాళ్ళే ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు, వీడియో కూడా వాళ్ళకి ముందు చూపించలేదు. స్పెక్స్ అన్నీ మీరు ఈపాటికి చూసేసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నాకు కావాల్సింది ఒక్క జేబు.

ఇదిగో లోపల ఎడమవైపు. లైనింగ్ బూడిద రంగులో మెరుస్తోంది కదా, అది లోహపు పూత ఉన్న బట్ట, 1836లో ఫారడే అనే శాస్త్రవేత్త చేసి చూపించిన సూత్రమే, చుట్టూ లోహం ఉంటే బయటి సిగ్నల్ లోపలికి రాదు. కానీ అసలు కిటుకు బట్టలో లేదు, మూతలో ఉంది. ఇప్పుడు ఒక్క మడతే వేశా, ఇంకో ఫోన్ నుంచి కాల్ చేస్తున్నా... విన్నారా, రింగవుతోంది! రెండో మడత వేసి గట్టిగా నొక్కా, కాసేపు ఆగి మళ్ళీ చేద్దాం... చూశారా, అందుబాటులో లేరంటోంది.

ఇంతకుముందు నేను ఇలాగే సిగ్నల్ ఆపే ఓ పౌచ్ వాడేవాణ్ణి, మడత పడే చోట పూత అరిగిపోయి సిగ్నల్ వచ్చేసేది, ఆ సంగతి నాకు చాలా రోజులు తెలీనే లేదు, ఆ కోపం ఇంకా పోలేదు. అందుకే దీన్ని ఉతికిన ప్రతిసారీ ఇలాగే కాల్ చేసి చూస్తున్నా. చేత్తో ఆరుసార్లు ఉతికా, ఇంకా గట్టిగానే ఉంది.

ఏరోప్లేన్ మోడ్ పెడితే చాలదా అంటారు. చాలా ఫోన్లలో అది పెట్టినా బ్లూటూత్ ఆన్‌లోనే ఉండొచ్చు, కొన్నయితే స్విచాఫ్ చేసినా ఎక్కడున్నాయో చెప్తూనే ఉంటాయి. జేబులో అయితే ఆ నిర్ణయం నా చేతిలో ఉంటుంది. కాకపోతే మైక్ మాత్రం లోపల కూడా పనిచేస్తుంది, బయటికి తీయగానే రికార్డయింది వెళ్ళిపోవచ్చు, అది మర్చిపోకండి. పైగా జేబులో ఉన్న ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి ఛార్జింగ్ తినేస్తుంది, అందుకే నేను ఏరోప్లేన్ మోడ్ పెట్టి మరీ జేబులో వేస్తా. ఒకరోజు అమ్మ మూడుసార్లు చేసింది, నాకు తెలీలేదు, ఆమె పడ్డ కంగారు చూశాక ఇప్పుడు జేబులో వేసే ముందు ఇంట్లో చెప్తున్నా.

ఇక ఒళ్ళు మండిన విషయం, ఆ జేబు మీద బయటికి కనబడేలా పెద్ద లేబుల్ కుట్టారు! మనం దాచుకుందామని కొంటే అందరికీ చాటుతారా? చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ విప్పి తీసేశా. వెల్‌క్రో కూడా అంతే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో తీస్తే చర్రుమని అందరూ తిరిగి చూస్తారు, దాని బదులు అయస్కాంతం పెట్టాల్సింది.

హుడ్ గురించి ఒక్కమాట, ఫ్లాష్ కొడితే తెల్లగా మెరిసి ఫొటోలో మొహం సరిగ్గా రాదు, నిజమే, కానీ పగటిపూట సీసీ కెమెరా ముందు దానివల్ల ఉపయోగం లేదు, ఫేస్ రికగ్నిషన్‌కి, అంటే మొహం చూసి మనిషిని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి, దొరకరని కంపెనీ వాళ్ళు రాసింది నమ్మకండి.

అయినా నేను ఇది వదలను, ఆ ఒక్క జేబు కోసమే తీసుకోమంటా. మీ దగ్గర ఇలాంటి పౌచ్ ఉంటే ఇప్పుడే ఫోన్ అందులో పెట్టి కాల్ చేసి చూడండి, రింగయితే ముందు మడత దగ్గర చూడండి.