కర్పూరం తరుగు, యురేనియం తరుగు

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

కర్పూరం హరించుకుపోకుండా డబ్బాలో నాలుగు మిరియాలు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అసలు కాపలా మిరియాలది కాదు, బిగుతైన మూతదే అని నా అనుమానం. ద్రవం కాకుండానే ఘనం ఆవిరయ్యే ఈ మార్పు పేరు ఉత్పతనం. డబ్బా ఖాళీ అయినా గాలిలో కలిసిన ప్రతి అణువూ కర్పూరపు అణువే, వాసనే అందుకు సాక్ష్యం. యురేనియం తరుగు అటువంటిది కాదు. అక్కడ పరమాణువు వేరొక మూలకమైపోతుంది.

స్థితి మార్పులో తెగేవి అణువుల నడుమ ఉన్న బంధాలు మాత్రమే, కేంద్రకం దాకా ఆ వేడి చేరదు. యురేనియం తరుగులో పుట్టే రేడియం కేంద్రకం విసిరే ఒక్క ఆల్ఫా కణానికి, అంటే హీలియం కేంద్రకానికి, ఉన్న శక్తి, మరిగే నీటిలో కోటికి పైగా అణువులను ఆవిరి చేయడానికి సరిపోతుంది. తిరుపతిలో దాదాపు 100 డిగ్రీల వద్ద మరిగే నీరు, గాలి పీడనం తగ్గిన తిరుమలలో సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. రేడియం అర్ధాయువు, అంటే దాని పరమాణువుల్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, మాత్రం కొండ కిందా, కొండ మీదా 1,600 సంవత్సరాలే. బెరిలియం-7 వంటి అరుదైన చోట్ల రసాయన రూపాన్ని బట్టి ఒక శాతం లోపు తేడా కనిపిస్తుంది, అంతే.

అయితే కేంద్రకం మారినప్పుడు స్థితి మారవచ్చు. ఘనలోహమైన రేడియం-226 ఆల్ఫా కణాన్ని వదలగానే రాడాన్-222 అవుతుంది. అది మైనస్ 62 డిగ్రీలకు చల్లబడితే గానీ ద్రవం కాని జడవాయువు. ఎవరూ వేడి చేయకుండానే రాతిలో బందీగా ఉన్న పరమాణువు వాయువై పగుళ్ల గుండా బయటపడుతుంది. శాస్త్రవేత్తలు రూథర్‌ఫర్డ్, సాడీ మాంట్రియల్‌లో ద్రవ గాలితో ఈ ఉద్గారాన్ని, అంటే రాడాన్‌ను, గొట్టంలోనే గడ్డకట్టించి, అది వాయువేనని 1903లో ప్రకటించారు. పీల్చిన రాడాన్‌లో చాలా భాగం ఊపిరితో వెనక్కి వచ్చేస్తుంది. ప్రమాదమంతా దాని సంతతితోనే: 3.8 రోజుల అర్ధాయువు గల రాడాన్ నుండి పుట్టే పోలోనియం-218 మళ్లీ ఘనం కాబట్టి, ధూళికి అంటుకొని ఊపిరితిత్తుల్లో మిగిలిపోతుంది. గాలి ఆడని గదుల్లో రాడాన్ పేరుకోనివ్వకూడదనడానికి కారణమిదే.

ఇక శిలల వయసు. శిలాద్రవం గడ్డకట్టే వేళ ఏర్పడే జిర్కాన్ స్ఫటికం, జిర్కోనియం ఉండవలసిన చోట కొంత యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం మెట్టుమెట్టుగా తరిగి చివరికి సీసమవుతుంది కాబట్టి, ఈనాడు అందులో కనిపించే సీసం అక్కడే పుట్టినది. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరాలని తెలుసు గనుక, ఈ రెంటి నిష్పత్తి నుండి గడ్డకట్టిన కాలం లెక్కకు వస్తుంది.

తిరుమల ఘాట్ రోడ్డులో జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు పొందిన ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (రెండు శిలల నడుమ కాలపు ఎడాన్ని చూపే హద్దు) వద్ద, పాత గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ పొరలు కూర్చున్నాయి. గ్రానైట్ జిర్కాన్ తన వయసు తానే చెబుతుంది. ఇసుక మేటలు గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్‌కు ఈ పద్ధతి నేరుగా పనికిరాదు, ఎందుకంటే అందులోని జిర్కాన్ రేణువులు పాత రాళ్లు అరిగి నీటిలో కొట్టుకొచ్చినవి. అవి చెప్పేది పొర వయసు కాదు, తమ తల్లిరాళ్ల వయసు.