మానిటర్‌లో "నో సిగ్నల్" అని వస్తోందా? ముందు కేబుల్ చూడండి

[తెర మీద: నల్లటి మానిటర్, మధ్యలో "నో సిగ్నల్"]

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్‌కి మానిటర్ తగిలించారు. లైటు వెలుగుతోంది, బొమ్మ మాత్రం రావట్లేదు. టెన్షన్ పడకండి. "నో సిగ్నల్" అన్న అక్షరాలు కనిపిస్తున్నాయంటే తెర బాగానే ఉన్నట్టు. దాని దాకా బొమ్మ చేరట్లేదు, అంతే.

ముందు మానిటర్ బటన్ నొక్కి, మెనూలో ఇన్‌పుట్ ఏముందో చూడండి. కేబుల్‌ని హెచ్‌డీఎంఐ 2 అన్న పోర్టులో పెట్టి, అక్కడ హెచ్‌డీఎంఐ 1 ఎంచుకుని ఉంటే ఎంతసేపు చూసినా ఏమీ రాదు. తర్వాత కీబోర్డులో విండోస్, పి కలిపి నొక్కి "ఎక్స్‌టెండ్" ఎంచుకోండి.

[దగ్గరగా: రెండు యూఎస్‌బీ సీ కేబుళ్లు పక్కపక్కన]

ఇప్పుడు అసలు విషయం, యూఎస్‌బీ సీ. దీని దగ్గర నాకు ఒక పూట మొత్తం పోయింది. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాను, రీస్టార్టులు చేశాను. చివరికి చూస్తే నేను పెట్టింది ఫోన్ ఛార్జింగ్ కేబుల్! చూడ్డానికి ఈ రెండూ ఒకేలా ఉన్నాయి కదా? ఫోన్‌తో వచ్చే చాలా కేబుళ్లలో ఛార్జింగ్‌కీ, మామూలు డేటాకీ సరిపడా తీగలే ఉంటాయి. వీడియో వెళ్లాల్సిన వేగవంతమైన తీగలు ఉండవు. అందుకే కొనేటప్పుడు "వీడియో వస్తుందా" అని అడిగి మరీ తీసుకోండి.

కేబుల్ మంచిదైనా, ల్యాప్‌టాప్‌లో ప్రతి సీ పోర్టూ వీడియో ఇవ్వదు. పోర్టుకి "డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్", అంటే సీ పోర్టు గుండా వీడియో పంపే సదుపాయం, ఉండాలి, లేదా అది థండర్‌బోల్ట్ పోర్టు అయి ఉండాలి. మీ మోడల్ వివరాల్లో ఈ మాటల కోసం వెతకండి. లేకపోతే హెచ్‌డీఎంఐ వాడుకోవడమే మేలు.

[తెర మీద: అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీ]

బొమ్మ వచ్చింది కానీ మౌస్ ఆగి ఆగి కదులుతోందా? 4కే మానిటర్ అయితే రిఫ్రెష్ రేట్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క, 30 హెర్ట్జ్ దగ్గర ఆగి ఉండొచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 60 పెట్టండి. అక్కడ 60 కనిపించకపోతే పోర్టు, కేబుల్, అడాప్టర్‌లలో ఏదో ఒకటి పాతదై ఉండొచ్చు. హెచ్‌డీఎంఐ 1.4 వెర్షన్ మీద 4కే బొమ్మ 30 హెర్ట్జ్‌కే పరిమితం, 60 కావాలంటే 2.0 లేదా ఆపై వెర్షన్ ఉండాలి.

తెర ఉన్నట్టుండి నల్లబడిపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, మీ ఫైళ్లకేమీ కాదు.

ఇవన్నీ చేసినా రాకపోతే, అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని ఇంట్లో టీవీకి పెట్టి చూడండి. టీవీలో బొమ్మ వస్తే ల్యాప్‌టాప్, కేబుల్ రెండూ బాగున్నట్టే. అప్పుడు మానిటర్‌ని వారంటీ కాగితంతో సహా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి, ఏమేం చేసి చూశారో వాళ్లకు చెప్పండి.